వట్టి తట్ట

"తట్ట ఎవరు తీసుకుండారని అడుగుతుండా కదమ్మా!"

యువరాణి గొంతు పెరట్లోకి కూడా వినిపించింది. రంగమ్మాళ్ మాత్రం విననట్టే, తోమిన గిన్నెను మళ్ళీ తోముతూ కూర్చుంది. కోవిల్‌పట్టిలో కుళాయి వచ్చి వారం కావస్తోంది. ఇంట్లో ఉన్నవి రెండు బిందెల నీళ్ళు. అయినా తోముతోంది. కూతురికి ఎదురు చెప్పలేనప్పుడల్లా ఆ తల్లి గిన్నెల మీద పడుతుంది, ఇది ఇవాళ్టి అలవాటు కాదు.

"నిన్న నేను కయత్తారు పోయి వచ్చేలోపల మనింటికి తట్ట వచ్చిండాది. నువ్వు రెండు చేతులా తీసుకుండావు. ఈ సంగతి నాకు విరుదునగర్ నుంచి గాంధిమతి మేడం ఫోన్ చేసి చెప్పాల్నా?"

"వచ్చింది పంచవర్ణం. ఎవురో మనిషి కాదు" అంది రంగమ్మాళ్ తలెత్తకుండా.

"ఎవరైతే ఏమమ్మా! తగవులో ఉండే ఇంటి నుంచి తట్ట వస్తే..."

"సంగవి కాలెట్లుందో చూసిపోదామని వస్తి పెద్దమ్మా అనె. దెబ్బ తగిలిన బిడ్డను చూడను వచ్చేవాళ్ళు వట్టి చేతుల్తో వస్తారా? ఆకువక్క, పూలు, అరటిపళ్ళు, ఒక చీర తెచ్చె. ఈ పొయ్యి కాడ కూర్చుని తిని పెరిగిన పిల్లను తలుపవతల నిలబెట్టేదా?"

"తలుపు మూయమన్నానా? పళ్ళు తీసుకుని తట్ట తిరిగి ఇచ్చేసుంటే సరిపోయె. నువ్వు దాన్ని ఇంట్లో ఉంచుకుంటివి."

రంగమ్మాళ్ చేతిలో పీచు ఆగిపోయింది. ఇంతసేపూ ఆవిడ దాచుకుంటున్న మాట అదే.

వాళ్ళవైపు పద్ధతి అది. ఎప్పుడో తాతల తాతల నాడు ఈ నల్లరేగడి నేలకు వలస వచ్చిన ఆ తెలుగు ఇళ్ళలో కోర్టులూ స్టేషన్లూ తర్వాతి మాట. రెండిళ్ళ మధ్య తగవు వస్తే, ఒక ఇంటివాళ్ళు తట్టలో, అదే పళ్ళెంలో, ఆకువక్క పెట్టుకుని రెండో ఇంటి గడప తొక్కుతారు. ఆ తట్ట లోపల ఉండిపోయిందా, సమాధానం అయిపోయినట్టే. ఇక ఆ సంగతి బయటివాళ్ళ ముందు ఎత్తకూడదు. కాదనుకుంటే, తీసుకున్న చెయ్యే తట్టను మోసుకుపోయి తిరిగివ్వాలి. అదీ వట్టిగా ఇవ్వకూడదు. అవతలివాళ్ళు అందుకోవాలి కూడా. అందుకోకపోతే అంతే సంగతులు.

ఈ సంగతులన్నీ రంగమ్మాళ్‌కి తెలియనివి కావు. కానీ వచ్చినది పంచవర్ణం. కూతురి వరసైన పిల్ల తట్ట తెస్తే దాన్ని తగవు తట్ట అని ఎలా అనుకుంటుంది? పిల్ల వచ్చింది, తిన్నది, వెళ్ళింది, తట్ట ఉంది. అంతే అనుకుంది పిచ్చితల్లి.

విరుదునగర్‌లో పప్పు మిల్లు రంగనాథన్‌కి మాత్రం అది అంతే కాదు. అతనికి ఒక ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. పంచవర్ణం అతని భార్య, ఆ జట్టుకు మేనేజరు. యువరాణి అన్న నాగరాజన్ కూతురు సంగవి ఆ జట్టులోనే ఆడి, కుడి మోకాలు పాడుచేసుకుని, ఇప్పుడు హాల్లో స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంది. "ఆటలో కాదు, స్కూటీ మీద నుంచి పడింది" అని క్లబ్బు చెప్పేసి, ఆ పిల్ల పేరు కొట్టేసింది. దెబ్బ ఆటలోదేనని ఒప్పుకోవాలి, ఆపరేషన్ చేయించాలి, కాలు బాగయ్యేదాకా జట్టులోంచి తీయకూడదు. ఇదీ సంగవి ఫిర్యాదు. మధ్యాహ్నం జిల్లా ఫుట్‌బాల్ సంఘంలో గాంధిమతి మేడం ముందు విచారణ. పొద్దున్నే రంగనాథన్ ఆమెకి ఫోన్ చేసి, తట్ట లోపలికి పోయింది కాబట్టి ఇక విచారణ అక్కర్లేదని చెప్పేశాడు.

"ఇళ్ళు కలిసిపోయాక మధ్యలో నేనెందుకమ్మా?" అని గాంధిమతి మేడం ఫోన్లో నవ్వింది కూడా.

"ఫిర్యాదు చేసింది ఇల్లు కాదు మేడం, ఆడిన పిల్ల" అంది యువరాణి. అని ఫోన్ పెట్టేసి, నేరుగా వంటింటి మీదికి వచ్చిపడింది.

ఆ వంటింటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. అందులో కొన్న గిన్నె కనపడదు. యువరాణి ఆడే రోజుల్లో మగపిల్లలు గెలిస్తే కప్పు చేతికిచ్చి ఊరేగించేవారు. ఆడపిల్లలు గెలిస్తే, "రేపు కాపురానికి పనికొస్తాయి" అని ఎవర్‌సిల్వర్ స్టీలు గిన్నెలు ఇచ్చేవారు. అవన్నీ ఈ వంటింట్లోనే చేరాయి. రంగమ్మాళ్ వాటికి పేర్లు కూడా పెట్టుకుంది. నీళ్ళ బిందె తిరుచ్చి ఫైనల్. పప్పుగిన్నె మదురై సెమీఫైనల్. పాలగిన్నె దిండుక్కల్లో ఓడిపోయిన ఆటకి ఇచ్చిన రెండో బహుమతి. అందుకే పాలు ఎప్పుడూ అడుగంటుతాయని ఆవిడ నమ్మకం. సంగవి బడికి పోయేదాకా సెమీఫైనల్ అంటే పప్పుగిన్నే అనుకునేది.

తర్వాత యువరాణి దేశం జెర్సీ తొడుక్కుంది. జీతం తీసుకుని పెద్ద క్లబ్బులకు ఆడింది. మోకాలు పోయిన ఏడు ఒక పూలగుత్తి చేతిలో పెట్టి రైలెక్కించారు. ఇంటికి వచ్చి ఊరుకునే మనిషా? ఆటగత్తెల సంఘం పెట్టింది. జీతాలు ఎగ్గొట్టిన క్లబ్బుల మీద, దెబ్బ తగిలితే గెంటేసిన క్లబ్బుల మీద తిరగబడుతూ ఊళ్ళు పట్టుకు తిరుగుతోంది. ఊరందరి పిల్లల కోసం తిరిగిన మనిషికి ఇప్పుడు తన ఇంటి పిల్ల సంగతే వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"తట్ట యాడుండాది?"

"దేవుడి గూట్లో."

యువరాణి వెళ్ళి పూలూ పళ్ళూ తీసింది. చీర తీసింది. ఆకులు తీసింది. తీసి, అలాగే నిలబడిపోయింది.

తట్ట అంచున సొట్ట ఉంది.

కోపం ఎటు పోయిందో పోయింది. గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది. రంగమ్మాళ్ తొంగిచూసి, "ఏమైంది?" అంది.

"అమ్మా, ఇది మన విరుదునగర్ ఫైనల్ తట్ట. నువ్వు రోజూ తింటావే, దాని జోడు. ఇది పంచవర్ణానిది."

విరుదునగర్ ఫైనల్! రైలు పట్టాల పక్కన మైదానం. ఆ పక్క కళ్ళంలో మిరపకాయలు ఆరబోశారు. గాలి వీస్తే ఈ జట్టు తుమ్మేది, ఆ జట్టూ తుమ్మేది. రిఫరీ విజిల్ నోట్లో ఉండగా తుమ్మితే అదే కూతై ఆట ఆగిపోయింది. ఎందుకాగిందో ఆయనకే తెలియక అందరి మొహాలూ చూశాడు పాపం.

జట్టులో తెలుగు ఇళ్ళ పిల్లలు ఇద్దరే. గోల్ కాపలాకి పంచవర్ణం, దాని ముందు యువరాణి. గడప దాటితే అందరికీ తమిళమే. ఇంటి మాట ఇంట్లోనే. కానీ మైదానంలోకి దిగగానే ఆ ఇద్దరి నోట తెలుగే వచ్చేది. "ఎడమ పక్క మనిషుండాది!" అని ఒకతె, "ఎనక్కి రా, ఎనక్కి!" అని ఇంకొకతె. అవతలి జట్టుకు ముక్క అర్థమయ్యేది కాదు. అప్పట్లో వాళ్ళ డ్రిల్ టీచర్ ఈ గాంధిమతి మేడమే. గీత బయట నిలబడి, "ఏం భాషే అది! నాకైనా అర్థమయ్యేలా అరవండే" అని తిట్టిపోసేది.

బంతి గాల్లో లేచి గోల్ వైపు వస్తే పంచవర్ణానిది ఒకటే కేక. "వదులు యువా, నేనుండా!"

ఆ కేక చెవిన పడితే యువరాణి వెనక్కి తిరిగి చూసేది కాదు. పక్కకు తొలగిపోయేది. దిండుక్కల్లో ఒక్కసారి మాత్రం ఆ కేక వేసి కూడా పంచవర్ణం బంతిని జారవిడిచింది. పాలగిన్నె ఆ ఆటదే.

ఫైనల్ గెలిచి బస్సులో వస్తూ పంచవర్ణం తన తట్ట మీద తాళంచెవితో వాయించి వాయించి సొట్ట పెట్టింది. సాత్తూరు దగ్గర డ్రైవరు బస్సాపి, "దిగండి, లేకపోతే తట్టలన్నా నోరు మూయండి" అన్నాడు. నోళ్ళు మూసుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. అంత నవ్వు మళ్ళీ ఎప్పుడు నవ్వింది? ఆలోచిస్తే యువరాణికి గుర్తు రాలేదు.

"మిల్లంత ఇంట్లో దానికి వేరే తట్టే దొరకలేదా?" అంది తనలో తాను.

"ఏమిటికి అరుస్తుండావు? వీధి చివరిదాకా వినిపిస్తుండాది" అంటూ నాగరాజన్ లోపలికి వచ్చాడు. యువరాణికి అన్న. విళాత్తికుళం వైపు మిరపకాయలు కొని విరుదునగర్ బజారుకు తోలే మనిషి. అతని భార్య సెల్వలక్ష్మి అక్కడే కోతల దగ్గర ఉంది. నాగరాజన్ చొక్కా నిండా మిరప ఘాటు.

"తట్ట సంగతి నీకు తెల్సా అన్నా?"

"తెల్సు. రంగనాథన్ పొద్దున ఫోన్ చేసె. మంచిదే అంటి."

"మంచిదే అనేదానికి నువ్వెవరు? ఫిర్యాదు చేసింది సంగవి."

"నేను దాని నాయన్ని."

యువరాణి లేచి నిలబడింది. "సరే. నాయనవే కదా, చెప్పు. స్కూటీ మీద నుంచి పడిందంటుండారు వాళ్ళు. నీ బిడ్డకి స్కూటీ తోలను వస్తుందా?"

"రాదు."

"మరి?"

"యువా, నువ్వు పెద్ద ఆటగత్తెవి. ఢిల్లీ చూసినావు, విమానం ఎక్కినావు. నేను మిరపకాయల మనిషిని. ఆ బజారులో నాకు దినమూ పనుండాది. మనవాళ్ళ మొగాలు దినమూ చూడాల. తట్ట తీసుకుని మాట తప్పిన ఇల్లని నలుగురూ అంటే యాడ తలెత్తుకునేది?"

"బిడ్డ కాలు కన్నా నీకు బజారే ఎక్కువా?"

"నోరు జారొద్దు!" నాగరాజన్ గొంతు ఒక్కసారిగా లేచింది. "నీ కాలు పోయె. నీ ఆట పోయె. ఇప్పుడు నా బిడ్డ కాలు నీ సంఘానికి జెండా కావాల్నా?"

 పొయ్యి మీద సెమీఫైనల్ గిన్నెలో పప్పు ఉడుకుతోంది. యువరాణి వెళ్ళి మంట తగ్గించింది. ఎన్ని క్లబ్బుల యజమానులు ఎన్ని అన్నారు! ఒక్కటీ ఇలా గుచ్చుకోలేదు. సొంత అన్న నోట వచ్చింది కాబట్టే గుచ్చుకుంది.

అన్నాక నాగరాజన్‌కే కష్టమైంది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ పొద్దు రైల్వేవాళ్ళు చూడను రాకుండా ఉండుంటే..." అని ఆగిపోయాడు.

"వస్తే ఏమైంది?"

"ఏమీలేదు. జరిగింది జరిగిపోయె. వదిలిపెట్టు."

"నన్నెవరైనా అడిగిండారా?"

ఆ మాట హాల్లోంచి వచ్చింది. ముగ్గురూ అటు తిరిగారు. సంగవి గొంతు పెంచలేదు. అసలు ఆ పిల్ల మూడ్నాలుగు వాక్యాలు కలిపి మాట్లాడటమే అరుదు.

"ఆటకి ముందే నా మోకాలు వాచిండె. నాకు వద్దంటి. పంచవర్ణత్త సూది వేయించి, గట్టిగా కట్టు కట్టె. ఇంకా వద్దనే అంటి. అప్పుడు ఏమనిందో తెల్సా? 'మీ అత్త ఇంతకన్నా వాచిన కాలుతో ఫైనల్ ఆడి తట్ట తెచ్చె, నువ్వు ఒక్క ఆట ఆడలేవా' అనె. అత్త కథ చెప్పినాక నేను ఏమని వద్దనేది?"

యువరాణి దేవుడి గూటి కేసి తిరిగింది. ఆ కథ నిజమే. ఆ రోజు రంగమ్మాళ్ పాత చీర చింపి కూతురి మోకాలికి కట్టు కట్టింది. ఆ కథని యువరాణి ఎన్ని బడుల్లో, ఎన్ని వేదికల మీద చెప్పిందో లెక్క లేదు. చెప్పిన ప్రతిచోటా చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఎవరి మోకాలి మీద పడుతున్నాయో ఇన్నాళ్ళూ ఆలోచించనే లేదు. 

"నీకు ఇప్పుడేం కావాల పాపా?" అంది సంగవి దగ్గరికి పోయి.

"నా కాలు బాగవ్వాల. నేను ఆడాల. స్కూటీ మీద నుంచి పడలేదని వాళ్ళ నోటితో చెప్పాల. సమాధానం నేను చేసుకోలేదు."

ఇంతసేపూ కూర్చున్న రంగమ్మాళ్ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. పీట ఎక్కి అటక మీది డబ్బా దించింది. అందులో కడలైమిట్టాయి, పల్లీలూ బెల్లమూ కలిపి కొట్టిన పట్టీలు. కోవిల్‌పట్టిలో పుట్టిన పిల్లలు పాల తర్వాత రుచి చూసేది దాన్నే. తట్టను కొంగుతో తుడిచి, వాటిని వరసగా పేర్చింది. పేర్చి, ఆగి, ఇంకో రెండు పైన పెట్టింది. చీరనూ పళ్ళనూ వేరే సంచిలో వేసింది.

"తీసుకున్న చెయ్యి నాది. నేనే ఇస్తా" అంది. "పదండి."

"అమ్మా!" అన్నాడు నాగరాజన్.

"తప్పు చేసింది నేను. బిడ్డని అడక్కుండా తీసుకుంటి. నువ్వు రావద్దులే. మేము బస్సులో పోతాం."

నాగరాజన్ కూతురి కాలు వైపు చూశాడు, చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. "బస్సులో ఆ కాలు ముడుచుకుని యాడ కూర్చుంటాది? నేనే తోలుకుపోతా" అని బయటికి నడిచాడు.

మిరపకాయలు తోలే చిన్న వ్యాను అది. ఊళ్ళో అందరూ దాన్ని కుట్టి యానై అంటారు, ఏనుగుపిల్ల అని. ముందు సీట్లో సంగవిని కాలు చాపుకునేలా కూర్చోబెట్టి, నాగరాజన్ ఆ కాలి కింద మడతపెట్టిన గోనె దూర్చాడు. వెనక ఖాళీ గోనెల మీద తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. తట్ట రంగమ్మాళ్ ఒడిలో ఉంది.

 నల్లనేల వెనక్కి పోతోంది. కోసేసిన పత్తి మోళ్ళు, ఎండిన సజ్జ చేలు. యువరాణి కూడా ఒకప్పుడు ఇలాగే, ఎవరి వ్యాను దొరికితే ఆ వ్యానులో, గోనెల మీద కూర్చుని ఆటలకు పోయేది. పక్కన పంచవర్ణం తూగుతూ తల ఈమె భుజం మీద వాల్చేది. దించితే మళ్ళీ వాల్చేది.

"అదింకా కడలైమిట్టాయి తింటుందో లేదో" అంది యువరాణి ఉన్నట్టుండి.

"నిన్న తినె" అంది రంగమ్మాళ్. "డబ్బా యాడ పెట్టేదో దానికి గుర్తుండాది. అదే దించుకుని తినె. తింటూ ఏడ్చె."

"ఆ సంగతి నాకు చెప్పలేదే?"

"నువ్వు అడిగింది తట్ట సంగతి కదా."

విరుదునగర్ బజారులోకి రాగానే నూనె వాసన, మిరప ఘాటు కలిసి ముక్కుల్లోకి దూరాయి. సంగవి తుమ్మింది. వెనక యువరాణి తుమ్మింది. ఇంకో పొద్దైతే అందరూ నవ్వేవారు.

మేడ మీద జిల్లా ఫుట్‌బాల్ సంఘం గది. బల్ల వెనక గాంధిమతి మేడం, జుట్టంతా నెరిసింది. ఎదురుగా తెల్ల చొక్కా రంగనాథన్, పక్కన పంచవర్ణం. బంగారం పెరిగింది, ఒళ్ళు పెరిగింది. చేతులు మాత్రం అవే, గోల్‌కీపర్ చేతులు. అవి ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. సంగవికి రెండు కుర్చీలు వేశారు, ఒకటి మనిషికి, ఒకటి కాలికి. నాగరాజన్ లోపలికి రాలేదు. గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇందులో విచారించడానికి ఏముంది మేడం?" అన్నాడు రంగనాథన్ తమిళంలో, నవ్వుతూ. "మా రెండిళ్ళూ ఒకటే. తట్ట వాళ్ళింట్లో ఉంది. అడగండి, పిల్ల తండ్రే మంచిదన్నాడు."

గాంధిమతి మేడం నాగరాజన్ వైపు చూసింది. అతను తలుపు వైపు చూశాడు.

రంగమ్మాళ్ తట్ట మీద కట్టిన గుడ్డ విప్పింది. తట్టను రెండు చేతులా పట్టుకుని పంచవర్ణం ముందుకు వెళ్ళి నిలబడింది. ఇంటి మాటలోనే అంది.

"నువ్వు తెస్తివి, నేను తీసుకుంటి. తీసుకున్న చెయ్యే ఇస్తుండాది. నువ్వు ఎప్పటికీ నా బిడ్డవే. కానీ సమాధానం నేను ఇయ్యలేను. అది సంగవిది."

"ఏమంటున్నారు ఆవిడ?" అంది గాంధిమతి మేడం.

 రంగనాథన్ నవ్వు ఆగిపోయింది. అతను భార్య వైపు వంగి, తెలుగులో, మెల్లగా, "తీసుకోవద్దు" అన్నాడు.

పంచవర్ణం తట్టలోకి చూసింది.

"హాఫ్‌టైంలో అందరికీ ఒకటి ఇస్తే నువ్వు మూడు తింటివి" అంది రంగమ్మాళ్. "అందుకే రెండు ఎక్కువ పెడ్తి."

పంచవర్ణం లేచింది. ఆ చేతులు విడిపోయి ముందుకు చాచుకున్నాయి. తట్ట అందుకుంది.

"పంచవర్ణం!" అన్నాడు రంగనాథన్.

ఆమె మొగుడి వైపు తిరగలేదు. యువరాణి వైపు తిరిగింది. కళ్ళు నిండిపోయాయి, గొంతులో మాత్రం పాత వేళాకోళం. "ఏమే, మా ఇంట్లో తట్టలు లేకనా ఇది తెచ్చింది? ఏదో ఒక తట్ట తీసుకుపోయి ఇచ్చి రమ్మని ఈయన అనె. వద్దనే ధైర్యం లేకపోయె. ఇదైతే నువ్వు ఉంచుకోలేవు, మోసుకుని వస్తావు, అని తెలిసే ఇదే తెస్తి."

 యువరాణి పొద్దున్నుంచి తిట్టాలని కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడో జారిపోయాయి.

తట్ట చేతులు మారిందని గాంధిమతి మేడంకి అర్థమైంది. కళ్ళజోడు పెట్టుకుంది. "సరే. ఇక నేను అడుగుతాను. ఈ పిల్లకి దెబ్బ ఎక్కడ తగిలింది? వాచిన మోకాలితో మైదానంలోకి ఎవరు పంపారు?"

యువరాణి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఇలాంటి గదుల్లో మాట్లాడటం ఆమెకు కొత్త కాదు. నోరు తెరిచింది.

"వదులు యువా. నేనుండా."

ఎన్నేళ్ళయిందో ఆ కేక విని! ఇవాళ అది కేక కూడా కాదు, పక్కన ఉన్నవాళ్ళకే వినపడేంత మాట. అయినా యువరాణి కాళ్ళు వాటంతట అవే పక్కకు తొలిగాయి. కూర్చున్నాక దిండుక్కల్ గుర్తొచ్చింది. అక్కడా ఇలాగే తొలిగింది. ఇప్పుడూ జారవిడిస్తే? పోయేది గిన్నె కాదు, సంగవి కాలు. తన కాళ్ళ మీద తనకే కోపం వచ్చింది, కానీ లేవలేదు.

పంచవర్ణం తట్టను గుండెకు ఆనించుకుని తమిళంలో మొదలుపెట్టింది.

"దెబ్బ మైదానంలోనే తగిలింది మేడం. స్కూటీ మాట అబద్ధం. సూది వేయించింది క్లబ్బు. కట్టు కట్టింది ఈ చేతులే."

రంగనాథన్ కుర్చీ కిర్రుమంది. అతను లేచి, ఏదో అనబోయి, గాంధిమతి మేడం చూపు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"పిల్ల వద్దంది. ఒకసారి కాదు, చాలాసార్లు అంది. నాకూ మనసొప్పలేదు. కట్టు విప్పేసి బెంచీ మీద కూర్చోబెడదామనే అనుకున్నాను. ఆటగత్తెను నేను, వాచిన మోకాలంటే ఏమిటో నాకు తెలియదా? అప్పుడు నాకు ఫోన్ వచ్చింది. రైల్వే జట్టువాళ్ళు పిల్ల ఆట చూడటానికి వచ్చారు, ఉద్యోగం వచ్చే సమయం, ఎట్లాగైనా ఈ ఒక్క ఆట ఆడించమ్మా అని బతిమాలారు. ఆ పిల్ల చెడు కోరే మనిషి కాదు మేడం ఆయన. అందుకే నేను కట్టు విప్పలేదు."

"ఎవరు చేశారు ఆ ఫోన్?"

 పంచవర్ణం మొగుడి వైపు చూడలేదు. యువరాణి వైపూ చూడలేదు. గుమ్మం వైపు చూసింది.

నాగరాజన్ చేతిలో తువ్వాలు నలిగిపోతోంది. రంగమ్మాళ్ కొడుకుని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వ్యాను సీట్లో ఆ కాలి కింద మడతపెట్టి దూర్చిన గోనె యువరాణి కళ్ళ ముందు కదిలింది.

సంగవి కాలు కుర్చీ మీదే ఉంచి, నడుము పైభాగం మాత్రం మెల్లగా తిప్పింది.

"నువ్వా నాయనా?" అంది.

తెలుగులోనే అంది. గాంధిమతి మేడంకి కూడా అర్థమైంది.